చూడి గొర్రెలకు నట్టల మందు: పిండములోని సూక్ష్మనాళికల సంగతి

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్ట గ్రామములలో పంట పోయిన ఏట సంసారమును గట్టెక్కించునవి జీవాలే. వేరుశనగ ఊడ దిగు వేళకు వాన ముఖము చాటు చేసినను, జొన్న వెన్ను తీయక ఎండినను, మందలో నాలుగు పొట్టేళ్ళను తోలి అప్పు తీర్చుకొను రైతులు మన వైపు అనేకులు. అట్టి మందకు తొలకరిలో నట్టల మందు త్రాగించుట మంచి అలవాటే. కాని ఏ మందు, ఏ గొర్రెకు, ఏ రోజులలో అని యోచింపక, మందనంతటిని దొడ్డిలో నిలిపి వరుసగా నోట పోసికొనుచు పోవుటలో ఒక ప్రమాదము కలదు. అది అప్పటికప్పుడు కంటికి కనబడదు. పిల్ల పుట్టు నాటికి ఐదు నెలలు గడచిపోవును గనుక, కారణము ఎవరికిని గుర్తుండదు.

మన గొర్రెలు ఏడాది పొడుగున ఈనుచునే ఉన్నను, వానలకు పచ్చిక మొలచి ఒంటికి సత్తువ వచ్చిన పిమ్మట, అనగా ఇంచుమించు జూన్ మొదలు ఆగస్టు వరకు, ఎక్కువ గొర్రెలు ఎదకు వచ్చును. ఆ వానలకే నట్టల పిల్లలు గడ్డి కొసలకు ప్రాకి, మేతతో పాటు కడుపులోనికి పోవును. కావున మందు త్రాగించు రోజులును, గొర్రెలు చూలు కట్టు రోజులును ఒక్కటే అగుచున్నవి. పైగా మన మందలలో పొట్టేలు ఎల్లవేళల గొర్రెలతోనే తిరుగుచుండును. నేడు మందు త్రాగిన 50 గొర్రెలలో నిన్న మొన్న పొట్టేలు దాటినవి ఎన్నియో కాపరికైనను తెలియదు.

గొర్రెలకు తరచుగా వాడు నట్టల మందులలో ఆల్బెండజోల్ ఒకటి. చవుకగా దొరకును, పలు రకముల నట్టలపై పనిచేయును. అమెరికా దేశమున ఈ మందు సీసాపై ఒక హెచ్చరిక తప్పక వ్రాయుదురు. చూలు నిలిచిన మొదటి 30 దినములలో గొర్రెకు ఈయరాదనియు, మందనుండి పొట్టేలును వేరు చేసిన తర్వాత కూడ 30 దినములు ఆగవలెననియు దాని భావము. ఆవులకైతే ఆ గడువు 45 దినములు. ఈ 30 దినములలో ఏమి జరుగును? మందు నట్టలను చంపవలసినది గాని, కడుపులోని పిల్లతో దానికేమి పని? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలెనన్న, కంటికి కానరాని ఒక నాళిక సంగతి తెలిసికొనవలెను.

తడికెల దొడ్డి వంటి ఏర్పాటు

గొర్రె యైనను, నట్ట యైనను, ప్రత్తి మొక్క యైనను, దేహమంతయు జీవకణములతో కట్టబడినది. ప్రతి కణములోను సన్నని బోలు గొట్టములు కలవు. వీనినే సూక్ష్మనాళికలందురు. ఒక్కొక్కదాని అడ్డుకొలత మిల్లీమీటరులో 40 వేల వంతు మాత్రమే. తలవెంట్రుక మందములో వీనిని ప్రక్కప్రక్కన పేర్చినచో రెండు మూడు వేలు పట్టును. ట్యూబ్యులిన్ అను మాంసకృత్తు ముక్కలు ఒకదానిపై నొకటి అతుకుకొని పోగులుగా ఏర్పడగా, సాధారణముగా 13 పోగులు గుండ్రముగా చేరి ఒక నాళిక యగును.

ఈ నాళికలు ఇంటి దూలముల వలె ఒకసారి నిలిపినచో నిలిచియుండునవి కావు. పొలములో ఎరువు కొరకు మంద కట్టించు తీరు మనకు తెలిసినదే గదా. నేడు ఈ చేనిలో తడికెలు నాటి దొడ్డి కట్టుదురు. తెల్లవారి వానినే ఊడదీసి ప్రక్క చేనిలో నాటుదురు. తడికెలు అవే, దొడ్డి మాత్రము చోటు మారును. కణములో ట్యూబ్యులిన్ ముక్కలును ఇట్లే ఒక చోట ఊడి, మరొక చోట చేరుచుండును. ఈ కట్టుట, విప్పుట అను రెండు పనులును సరిగా సాగినంతవరకే కణము బ్రతికి పనిచేయును.

ఆల్బెండజోల్ చేయునదేమనగా, ట్యూబ్యులిన్ ముక్కకు అంటుకొని, తరువాతి ముక్క దానికి అతుకకుండ చేయును. విప్పుట సాగును, కట్టుట ఆగును. కొలది సేపటికి దొడ్డియే ఉండదు. నట్ట ప్రేగు కణములలో నాళికలు ఇట్లు కూలిపోగా, అది ఆహారమును పీల్చుకొనలేక సత్తువ తగ్గి చచ్చును. నట్టలోని ట్యూబ్యులిన్‌కు ఈ మందు గట్టిగా పట్టుకొనును, గొర్రె ట్యూబ్యులిన్‌కు వదులుగా పట్టుకొనును. అందువలననే నట్ట చచ్చి గొర్రె బ్రతుకును. అయితే వదులుగా పట్టుకొనుట వేరు, అసలే పట్టుకొనకపోవుట వేరు. మోతాదు పెరిగిన కొలది, కణములు త్వరత్వరగా చీలుచున్న చోట, ఆ వదులు పట్టే చాలును. గొర్రె దేహములో అంత త్వరగా కణములు చీలునది చూలు నిలిచిన తొలి వారములలోని పిండములోనే.

అండము నుండి పిండము వరకు

గొర్రె కణములో 54 క్రోమోసోములు కలవు. తల్లిదండ్రుల గుణములన్నియు వీనిలోనే ఉండును. అండములోను, శుక్రకణములోను సగము, అనగా 27 చొప్పున ఉండవలెను. అవి కలిసినప్పుడు తిరిగి 54 అగును. ఈ పంపకమును చేయునవి సూక్ష్మనాళికలే. అవి రెండు కొనల సన్నగాను, నడుమ లావుగాను ఒక ఆకారమును కట్టును. దానిని మన పుస్తకములలో కండె అందురు. ఎమ్మిగనూరులోనో ప్రొద్దుటూరులోనో మగ్గము ప్రక్కన నూలు కండెను చూచినవారికి ఆ పేరు ఏల వచ్చినదో చెప్పనక్కర లేదు. కండె పోగులు క్రోమోసోములను చెరి సగముగా పట్టి, రెండు వైపులకు లాగును. పోగు తెగినను, తడబడినను, ఒక వైపునకు ఒకటి ఎక్కువ, రెండవ వైపునకు ఒకటి తక్కువ పోవును. అట్టి లెక్క తప్పిన అండమునుండి కట్టిన పిండము సాధారణముగా నిలువదు.

ఇంకొక విచిత్రము. ఆడ గొర్రె అండములన్నియు అది తన తల్లి కడుపులో ఉన్ననాడే ఏర్పడి, పని సగములో ఆగి నిద్రించుచుండును. ఎదకు వచ్చిన వేళ మాత్రమే ఒకటో రెండో మేల్కొని, ఆగిన పంపకమును తిరిగి ప్రారంభించును. అండములో కండె కట్టబడునది ఆ కొలది గంటలలోనే. అందుచేత ఎద రోజున మందు త్రాగించుట కూడ మంచిది కాదు.

ఇక పొట్టేలు వైపు చూతము. శుక్రకణము తల కోలగా తీరుచున్నప్పుడు దాని చుట్టు నడికట్టు వలె సూక్ష్మనాళికలు చుట్టుకొని ఆ రూపమును దిద్దును. దాని తోక లోపల నాళికలు జంటలుగా తొమ్మిది వలయముగాను, నడుమ రెండును ఉండును. ఆ తోక కొట్టుకొనుటచేతనే శుక్రకణము ఈదును. అండము దిగివచ్చు నాళము లోపలి గోడపై నూగు వంటి రోమములు కలవు. వానిలోను ఇదే తొమ్మిది రెండు ఏర్పాటు. పొట్టేలు తోకకును, గొర్రె నాళపు నూగునకును ప్రకృతి ఒకే నేత నేసినదన్న మాట.

శుక్రకణము అండములోనికి తన క్రోమోసోములను మాత్రమే కాక, ఒక చిన్న కేంద్రమును కూడ తెచ్చును. ఆ కేంద్రము చుట్టు నాళికలు నక్షత్రము వలె విచ్చుకొని, అండపు కేంద్రకమును వెదకి పట్టి, పొట్టేలు కేంద్రకము దగ్గరకు లాగుకొని వచ్చును. గొర్రెలోను, ఆవులోను, మనిషిలోను ఇట్లే. చుంచులో మాత్రము ఈ కేంద్రము మగ వైపు నుండి రాదు. చుంచుపై చూచిన ఫలితము గొర్రెకు అట్లే వర్తించునని అనుకొనరాదనుటకు ఇదొక కారణము.

రెండు కేంద్రకములు కలిసిన పిమ్మట పిండము చీలుట ప్రారంభించును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. మూడు నాలుగు రోజులకు 8, 16 కణముల ముద్దయై గర్భసంచిలోనికి దిగును. ఆరు ఏడు రోజులకు నీటి బుడగ వలె అగును. ప్రతి చీలికకు ఒక కొత్త కండె కట్టవలెను, పని కాగానే విప్పవలెను. పదునొకటవ రోజు తర్వాత పిండపు పొర దారము వలె సాగును. 12, 13 రోజులకు అది తల్లికి ఒక సంకేతము పంపును: నేనున్నాను, తిరిగి ఎదకు రావద్దని. మూడవ వారములో గుండె కొట్టుకొనుట మొదలగును. నాలుగవ వారములో కాళ్ళ మొటిమలు పుట్టును. ఐదవ వారము ముగియు నాటికి అవయవములన్నిటికి పునాది పడి, అటుపై అవి పెరుగుట మాత్రమే మిగిలియుండును. 30 దినముల హద్దు ఎక్కడనుండి వచ్చినదో ఇప్పుడు తెలిసియుండును.

పిండము 12 రోజుల లోపల చచ్చినచో గొర్రె తిరిగి 17వ రోజున మామూలుగా ఎదకు వచ్చును. కాపరి, దాటు నిలువలేదనుకొనును. అంతకు తర్వాత చచ్చినచో ఎద ఆలస్యమగును. అప్పుడును పొట్టేలునే తప్పు పట్టుదురు. పిండము చావక, కండెలు మాత్రము తడబడినచో, ఎముకలు వంకరయై, కాళ్ళు ముడుచుకొని, వెన్ను కుదురక, మూత్రపిండములు సరిగా ఏర్పడక పిల్ల పుట్టవచ్చును. అట్టి పిల్లను చూచి గ్రహణము పట్టినదందురు. ఈ మందుల కుటుంబములో పార్బెండజోల్ అను దానిని చూడి గొర్రెలకిచ్చి 1970 దశకములో పరిశోధకులు చూడగా, ఇట్టి అవకరములే కనబడినవి. రెండవ, మూడవ వారములు మిక్కిలి సున్నితమైనవని తేలినది.

ఇచట ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. వంకర కాళ్ళతో పుట్టిన ప్రతి పిల్లకు నట్టల మందే కారణము కాదు. ఒకే పొట్టేలును ఏండ్ల తరబడి దాని కూతుళ్ళపైనే దాటించుట, నీలి నాలుక వంటి వ్యాధులు, విషపు మేతలు కూడ కారణములు కావచ్చును. సరియైన మోతాదులో త్రాగిన ప్రతి చూడి గొర్రెకును హాని కలుగదు. అయినను ఏ గొర్రెకు కలుగునో ముందుగా చెప్పలేము గనుక, తేదీని మార్చుకొనుటలో నష్టము లేదు.

అడవినాభి దుంపలోని గుణము

సూక్ష్మనాళికను విరిచెడి పదార్థములు మందుల కంపెనీలు కనిపెట్టినవి మాత్రమే కావు. నల్లమల అంచులలో వానలకు కంపలపై ప్రాకి, మంట వంటి ఎర్ర పసుపు పూలు పూయు అడవినాభి మీరెరిగినదే. అగ్నిశిఖ అని కూడ దాని పేరు. దాని దుంపలోను, గింజలలోను కాల్చిసిన్ అను విషము కలదు. అదియు ట్యూబ్యులిన్‌కే అంటుకొని కండెను కట్టనీయదు. సంస్కృత వైద్య గ్రంథములు ఆ తీగకు గర్భపాతిని అని ఒక పేరు పెట్టినవి. సూక్ష్మదర్శిని లేని కాలములోనే దాని పని ఫలితమును జనులు గమనించిరన్న మాట. పశువులను, పిల్లలను దాని దుంప దరికి పోనీయకూడదు.

అదే విషము మొక్కల పెంపకమున మేలు కూడ చేసినది. 1937లో అమెరికాలో బ్లేక్‌స్లీ, ఏవరీ అనువారు ఉమ్మెత్త మొక్కలపై కాల్చిసిన్ వాడి, కండె కట్టక పోవుటచేత క్రోమోసోములు చీలియు వేరు కాక ఒకే కణములో రెట్టింపుగా నిలుచుటను చూపిరి. జపానులో కిహారా అను శాస్త్రజ్ఞుడు ఈ ఉపాయముతోనే గింజలేని పుచ్చను సాధించి 1951లో ప్రకటించెను. మనము కళింగర అను పుచ్చకు 22 క్రోమోసోములు. రెట్టింపు చేసినచో 44. ఆ రెంటిని సంకరపరచినచో 33. ముప్పది మూడింటిని చెరి సగము పంచుట కండెకు చేతకాదు గనుక, పుప్పొడియు అండములును చెడి, కాయ గింజ పట్టదు. నాటు ప్రత్తికి 26, అమెరికా ప్రత్తికి 52 క్రోమోసోములు. ఆ రెంటి సంకరమునకు 39 వచ్చి గొడ్డుపోవును. కాల్చిసిన్‌తో దానిని 78 చేసినచో తిరిగి కాయ కాయును. పుచ్చలో గింజ లేకపోవుట లాభము, మందలో పిల్ల లేకపోవుట నష్టము. రెంటికిని మూలము కండె తప్పుటయే.

మందలో చేయదగిన పని

అన్నిటికంటె మేలైన పద్ధతి పొట్టేలును వేరు కట్టుట. మే నెలలో పొట్టేళ్ళను మందనుండి తీసివేయవలెను. అంతకు ముందే దాటినవి కొన్ని ఉండును గనుక, వేరు చేసిన 30 దినములకు ఆల్బెండజోల్ త్రాగించి, మరి వారము పది రోజులు ఆగి పొట్టేలును వదలవలెను. గొర్రెలన్నియు ఇంచుమించు ఒక్కసారే ఈనుట ఇందులో మరొక లాభము. పొట్టేలును వేరుగా మేపుటకు మనిషి లేనిచో, పొట్ట క్రింద గుడ్డ అడ్డు కట్టి మందలోనే ఉంచవచ్చును. గుడ్డ జారినదేమో రోజును చూడవలెను.

ఏ గొర్రె ఏనాడు దాటినదో తెలిసికొనుటకు ఒక చవుక ఉపాయము కలదు. జాజును నూనెలో కలిపి పొట్టేలు రొమ్మునకు పూయుడు. అది దాటిన గొర్రె తుంటిపై ఎర్ర గుర్తు పడును. 17 రోజుల తర్వాత జాజు మాని, బొగ్గు పొడి కలిపి పూయుడు. ఎర్రదానిపై నల్ల గుర్తు పడినచో, మొదటి దాటు నిలువలేదని అర్థము. ఎర్ర గుర్తు ఒక్కటే ఉన్న గొర్రెకు చూలు నిలిచినదని ఎంచి, తేదీ వ్రాసి పెట్టుకొనుడు.

పొట్టేలు మందలోనే ఉండి, గొర్రెలు పాలిపోయి దవడ క్రింద నీరు దిగియున్నచో ఆగుటకు వీలుండదు. అప్పుడు మందునే మార్చవలెను. లెవామిసోల్, ఐవర్‌మెక్టిన్ అనునవి సూక్ష్మనాళికల జోలికి పోవు. నట్ట నరములపై, కండరములపై పనిచేయును. ఫెన్‌బెండజోల్ ఆల్బెండజోల్ కుటుంబములోనిదే అయినను, చెప్పిన మోతాదులో చూడి జీవాలకు హాని చేయదని తేలినది. వీనిలో ఏది ఈయవలెనో పశువైద్యుని అడిగి నిర్ణయించుకొనుడు. అందరికిని త్రాగించుట కూడ అవసరము కాదు. కంటి రెప్పను దించి లోపలి రంగు చూడుడు. ఎర్రగా ఉన్న గొర్రెను వదలి, తెల్లబడిన దానికి మాత్రమే ఈయవచ్చును. ఈ పద్ధతి దక్షిణాఫ్రికాలో గొర్రెల పెంపకందారుల కొరకు రూపొందినది. రక్తము పీల్చు నట్టలకు మాత్రమే ఇది పనికి వచ్చును.

సుంకేసుల నుండి కడప దాక పారు కె.సి. కాలువ వెంబడి మేయు మందలకు వేరొక చిక్కు కలదు. కాలువ గట్ల నత్తల వలన కార్జపు జలగలు పట్టును. జలగలకు ఆల్బెండజోల్ మామూలు కంటె ఎక్కువ మోతాదులో ఈయవలసి వచ్చును. అనగా పిండమునకు అపాయము అక్కడనే హెచ్చు. చూలు తొలి నెలలో ఉన్న గొర్రెకు జలగల కొరకు వేరు మందు అడుగుడు.

మోతాదు విషయములో ఒక పొరపాటును ప్రత్యేకముగా చెప్పవలెను. ఆల్బెండజోల్ ద్రావణము 2.5 శాతము గలదియు, 10 శాతము గలదియు అంగడిలో దొరకును. మొదటి దానిలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు, రెండవ దానిలో 100 మిల్లీగ్రాములు మందు ఉండును. పోయిన ఏడు 2.5 శాతపు సీసాతో గొర్రెకు 10 మిల్లీలీటర్లు పోసిన చేయి, ఈ ఏడు పశువుల కొరకు తెచ్చిన 10 శాతపు సీసాతోను అంతే పోసినచో, ఒక్క గుక్కలో నాలుగు మోతాదులు పడును. సీసా మూత తీయకముందే శాతము చదువుడు. నాలుగైదు గొర్రెలనైనను తూకపు కొక్కెమునకు వ్రేలాడదీసి తూచినచో కంటి అంచనా ఎంత తప్పునో తెలియును.

తక్కువ పోసినను చిక్కే. నట్ట ట్యూబ్యులిన్‌లో 200వ స్థానమున ఒక చిన్న మార్పు కలిగినచో మందు దానిని పట్టుకొనలేదు. తక్కువ మోతాదునకు మామూలు నట్టలు చచ్చి, ఆ మార్పు గలవి మిగిలి పిల్లలు పెట్టును. మన దేశములో పలు చోట్ల గొర్రెల నట్టలు ఈ కుటుంబపు మందులకు లొంగకుండుట కనబడినది. మందు పనిచేయలేదని తోచి రెట్టింపు పోయుట రైతునకు సహజము. కాని అట్టి నట్ట రెట్టింపునకును లొంగకపోవచ్చును. పిండము మాత్రము ఆ రెట్టింపునకు బలియగును. ఒకదానికి లొంగని నట్ట అదే కుటుంబములోని ఫెన్‌బెండజోల్‌కును లొంగదు. త్రాగించిన 10, 14 రోజులకు నాలుగు గొర్రెల పేడను కాగితములో కట్టి పశువుల ఆసుపత్రికి తీసికొని పోయినచో, గ్రుడ్లు చూచి మందు పనిచేసినదో లేదో చెప్పుదురు.

మేకలకును 30 దినముల నియమమే. ఈనుటకు ముందు నెలలో గొర్రె పేడలో నట్టల గ్రుడ్లు పెరుగును. ఆ కాలమున త్రాగించుట మంచిది, అప్పటికి పిల్ల అవయవములన్నియు ఏర్పడియుండును. త్రాగించిన జీవమును మాంసమునకు అమ్ముటకు ఎన్ని రోజులు ఆగవలెనో సీసాపై ఉండును.

ఈ నాళిక మనుష్యులలోను ఒక్కటే. 2015లో ప్రారంభమైన జాతీయ నట్టల నివారణ దినమున పిల్లలకు బడిలో ఇచ్చు మాత్ర కూడ ఆల్బెండజోలే. అది పిల్లలకు మేలైనది. అయినను గర్భిణులకు మొదటి మూడు నెలలలో దానిని ఈయరు. వేరుశనగ ఆకుమచ్చ తెగులునకు కొట్టు కార్బెండజిమ్ కూడ బూజు కణములలోని ట్యూబ్యులిన్‌నే పట్టుకొని పనిచేయును. ఎక్కువ మోతాదులలో ఎలుకలకు ఈయగా, మగవాని వృషణములలో శుక్రకణములు పక్వము కాకమునుపే రాలిపోవుట పరిశోధకులు చూచిరి. మందు కలుపునప్పుడు చేతులకు తొడుగు వేసికొనుడు, గాలి వాటమున నిలిచి కొట్టుడు. ఇంట గర్భిణీ స్త్రీ ఉన్నచో విత్తనములకు మందు పట్టించు పనియు, గొర్రెలకు త్రాగించు పనియు ఆమెకు అప్పగింపక, ఆనాడు తొడిగిన బట్టలను మీరే వేరుగా ఉతుకుకొనుడు.